తోట కట్టడాల్లో కలపకు ప్రత్యామ్నాయంగా మిశ్రమ ఫలకాలు: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తోటల్లో, చేలల్లో వేసుకొనే చిన్న కట్టడాలకు కలప పలకల స్థానంలో మిశ్రమ ఫలకాలు వాడుకలోకి వస్తున్నాయి. వీటిని కలపపొడి, ప్లాస్టిక్, సిమెంటు, పంట వ్యర్థాల వంటివాటితో తయారుచేస్తారు. వీటికి చెదలు పట్టదనీ, వీటివల్ల అడవి మిగులుతుందనీ సాధారణంగా చెబుతారు. ఈ మాట జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల శీతోష్ణస్థితికి, నిర్మాణ సంప్రదాయానికి, ముడిసరుకులకు ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఈ ప్రాంతపు తోట కట్టడంలో కలప ప్రధానంగా చట్రానికీ పైకప్పుకూ ఖర్చవుతుంది, గోడకు చాలా తక్కువ. కనుక గోడ తొడుగును మార్చినంత మాత్రాన కలప మిగలదు. స్థానికంగా దొరికే పత్తికట్టె, వెదురు, బొగ్గు బూడిదతో ఫలకాన్ని చేసి, కట్టడంలో దానికి తగిన చోట వాడినప్పుడే ప్రత్యామ్నాయం అర్థవంతమవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మిశ్రమ ఫలకం, తోట కట్టడం, తడక, తాటి వాసం, పత్తికట్టె, వెదురు చాప ఫలకం, బొగ్గు బూడిద, వడ్రంగం.

1. ఉపోద్ఘాతం

జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. ఇవి ప్రధానంగా పూర్వ వరంగల్ జిల్లా భాగాలు. భూపాలపల్లిలోని మహదేవపూర్, కాటారం ప్రాంతాలు మాత్రం పూర్వ కరీంనగర్ జిల్లా నుంచి వచ్చి చేరాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయి ప్రత్యేక జిల్లా అయింది. మూడు జిల్లాల్లోనూ పత్తి ముఖ్యమైన వాణిజ్య పంట. అడవి విషయంలో మాత్రం ఇవి ఒకదానికొకటి భిన్నమైనవి. జనగామలో అడవి స్వల్పం. మహబూబాబాద్ జిల్లాలో గూడూరు, కొత్తగూడ, గంగారం, బయ్యారం వైపు అడవి ఉంది. భూపాలపల్లిలో గోదావరి పరీవాహకంలోని మహదేవపూర్ అడవులు విస్తారమైనవి.

ఇళ్లకు సిమెంటు, ఇనుము వచ్చి దశాబ్దాలు గడిచినా చేనులోని కట్టడం చాలాకాలం కలపతోనే నిలిచింది. ఇప్పుడు అక్కడా మార్పు కనిపిస్తోంది. పాక స్థానంలో రేకుల షెడ్డు వచ్చింది. పట్టణాల చుట్టూ వెలసిన తోట ఇళ్లలో, విశ్రాంతి మండపాల్లో కలప రూపాన్ని అనుకరించే మిశ్రమ ఫలకాలు చోటు సంపాదించాయి. కట్టడం చిన్నదే అయినా, దాని వెనుక ఉన్న ప్రశ్న చిన్నది కాదు. ఏ పదార్థాన్ని ఎంచుకొంటే ఆ ఊరి అడవికి, రైతుకు, చేతివృత్తికి మేలు జరుగుతుందన్నదే ఆ ప్రశ్న.

2. తోట కట్టడం: స్థానిక స్వరూపం

ఈ ప్రాంతంలో తోట కట్టడం అనే మాట కింద అనేక నిర్మాణాలు చేరతాయి. బావి దగ్గరి పాక, పశువుల కొట్టం, కోతులనూ అడవి పందులనూ కాపు కాయడానికి వేసే మంచె, మోటారు గది, మిర్చిని ఆరబెట్టే కల్లం పక్కన వేసే కొట్టు వంటివి పాతవి. 2020లో పల్లె ప్రగతి కింద మొదలైన పల్లె ప్రకృతి వనాలు, గ్రామ నర్సరీలు, తోట ఇళ్లు కొత్తవి.

పాత కట్టడాల నిర్మాణక్రమాన్ని గమనిస్తే కలప వినియోగం ఒక పద్ధతిలో కనిపిస్తుంది. భూమిలో పాతే గుంజలకు వేప, నల్లతుమ్మ, నల్లమద్ది వంటి గట్టి కర్రను ఎంచుకొంటారు. దూలాలకూ వాసాలకూ చేవదేరిన తాటిని వాడతారు. తాటి మానులో గట్టిదనమంతా బయటి వలయంలో ఉంటుంది. లోపలి భాగం మెత్తన. అందుకే ముదిరిన మానును నిలువునా చీల్చి, లోపలి మెత్తని భాగాన్ని చెక్కివేసి, చేవ భాగాన్ని మాత్రమే వాసాలుగా తీస్తారు. పైకప్పుకు తాటాకు, గడ్డి లేదా గూనపెంకు వాడతారు.

గోడ విషయానికి వస్తే కలప పలక ఎక్కడా కనిపించదు. మట్టి గోడ లేకపోతే తడక ఉంటుంది. కందికట్టెనో పత్తికట్టెనో వెదురు బద్దలనో అల్లి, రెండు వైపులా మట్టి, పేడ కలిపి మెత్తితే తడక గోడ అవుతుంది. శాస్త్రపరిభాషలో చెప్పాలంటే ఇది కూడా మిశ్రమ పదార్థమే. కట్టె లాగుడు బలాన్ని తట్టుకొంటుంది. మట్టి దానిని పట్టి ఉంచి, గాలినీ ఎండనూ ఆపుతుంది. నారను ఒక బంధక పదార్థంలో ఇమిడ్చి రెండింటి గుణాలనూ పొందడం అనే సూత్రం ఈ పల్లెలకు కొత్తది కాదు. నేటి ఫలకంలో మట్టి స్థానంలో ప్లాస్టిక్, రెసిన్ లేదా సిమెంటు చేరింది.

3. మిశ్రమ ఫలకాలు: రకాలు

కట్టడం బయటి గోడకు తొడుగులా బిగించే పలకను నిర్మాణరంగంలో క్లాడింగ్ అంటారు. మిశ్రమ తొడుగు అనే ఒకే పేరుతో అమ్మేవాటిలో కనీసం నాలుగు భిన్నమైన పదార్థాలు ఉన్నాయి.

మొదటిది కలప-ప్లాస్టిక్ మిశ్రమం. మార్కెట్లో దీనిని డబ్ల్యూపీసీ అంటారు. కలపపొడిని పాలిథిలిన్, పాలిప్రొపిలిన్ లేదా పీవీసీతో కలిపి, వేడిచేసి, అచ్చుగుండా నెట్టి పలకగా తీస్తారు. కలపపొడి మాడిపోకుండా ఉండడానికి ఉష్ణోగ్రతను సాధారణంగా 200 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంచుతారు. కలప నీటిని ఇష్టపడుతుంది, ప్లాస్టిక్ నీటిని వికర్షిస్తుంది. ఈ రెండూ అతుక్కోవడానికి ఒక సంధాన రసాయనం అవసరం. అది చాలకపోతే కొద్దికాలానికే పలక పెళుసుబారుతుంది.

రెండవది నార-సిమెంటు ఫలకం. సిమెంటు, సిలికా, సెల్యులోజ్ నార, కొన్ని సందర్భాల్లో బొగ్గు బూడిద ఇందులో ఉంటాయి. దీనికి భారత ప్రమాణం ఐఎస్ 14862. కలప తునకలను సిమెంటుతో బంధించిన ఫలకానికి ఐఎస్ 14276 వర్తిస్తుంది.

మూడవది రెసిన్‌తో అదిమిన ఫలకం. పార్టికల్ బోర్డు, వెదురు చాప ఫలకం ఈ కోవలోవి.

నాలుగవది ఏసీపీ అని పిలిచే అల్యూమినియం మిశ్రమ ఫలకం. రెండు పలుచని అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలిన్ లేదా ఖనిజ పొర ఉంటుంది. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది మరణించారు. పాలిథిలిన్ పొర ఉన్న ఇటువంటి ఫలకాలే మంటలు గోడ వెంట వేగంగా పైకి పాకడానికి ప్రధాన కారణమని విచారణలో తేలింది. పేరులో మిశ్రమం అన్న మాట ఉన్నంత మాత్రాన పదార్థాల గుణం ఒకటి కాదనడానికి ఇది విషాదకరమైన నిదర్శనం.

4. ఎండ, చెమ్మ, చెదలు, మంట: గుణాల తులనాత్మక పరిశీలన

4.1 ఎండ: ఈ మూడు జిల్లాల్లో వేసవి ఉష్ణోగ్రత 44 డిగ్రీలకు చేరడం అసాధారణం కాదు. ముదురు రంగు పలక ఉపరితలం గాలికంటే చాలా ఎక్కువగా వేడెక్కుతుంది. పాలిథిలిన్ ఆధారిత మిశ్రమం ఒక్కో డిగ్రీకి తన పొడవులో సుమారు లక్షకు 4 వంతులు సాగుతుందనుకొంటే, 3 మీటర్ల పలక 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వేడెక్కినప్పుడు దాదాపు 4.8 మి.మీ. పెరుగుతుంది. అదే పొడవున్న కలప పలక నారదిశలో పెరిగేది సుమారు అర మిల్లీమీటరు. పలకల మధ్య ఈ మేరకు సందు వదలకుండా గట్టిగా మేకులు కొడితే అవి ఉబ్బి వంకర తిరుగుతాయి. పీవీసీ 80 డిగ్రీల దరిదాపుల్లో మెత్తబడుతుంది. కనుక పడమటి గోడకు ముదురు రంగు పీవీసీ ఫలకం తగదు.

4.2 బరువు, బిగువు: పాలిథిలిన్ ఆధారిత మిశ్రమం సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.1 నుంచి 1.3 గ్రాములు. టేకుది సుమారు 0.65. అంటే 10 మి.మీ. మందం గల చదరపు మీటరు మిశ్రమ పలక దాదాపు 12 కిలోలు, టేకు పలక 6.5 కిలోలు తూగుతాయి. బరువు ఎక్కువైనా బిగువు తక్కువ. మిశ్రమ పలక టేకుకంటే సులభంగా వంగుతుంది. నిలకడ బరువు కింద కాలక్రమంలో మరింత వంగుతుంది. కనుక దీనిని గుంజగా, దూలంగా, వాసంగా వాడడం సాధ్యం కాదు. దీనిని మోయడానికి మరింత దగ్గరగా ఊతకర్రలు కావాలి.

4.3 చెమ్మ, చెదలు: ఈ అంశంలో మిశ్రమ ఫలకానికి స్పష్టమైన ఆధిక్యం ఉంది. కలప రేణువులను ప్లాస్టిక్ చుట్టుముట్టడం వల్ల చెదపురుగుకు అవి సులభంగా అందవు. అయితే రంపంతో కోసిన అంచుల్లో రేణువులు బయటపడతాయి. అక్కడినుంచి చెమ్మ లోపలికి దిగి బూజు పట్టవచ్చు. కోసిన అంచును మూసివేయడం, పలకను నేలకు తాకనివ్వకపోవడం తప్పనిసరి. నార-సిమెంటు ఫలకానికి చెద బెడద లేదు. దానిని కోసేటప్పుడు లేచే సిలికా ధూళి మాత్రం ఊపిరితిత్తులకు హానికరం. తడిపి కోయడం, ముక్కుకు రక్షణ ధరించడం అవసరం.

4.4 మంట: కిలో ఎండు కలప మండితే వెలువడే ఉష్ణం సుమారు 18 మెగాజౌల్స్. కిలో పాలిథిలిన్‌కు అది సుమారు 45. సగం కలప, సగం పాలిథిలిన్ ఉన్న పలక కలపకంటే ఎక్కువ వేడినిచ్చే ఇంధనమవుతుంది. పీవీసీ అంత తేలికగా మండదు, కానీ మండితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. పంట తీశాక మోళ్లకు నిప్పుపెట్టే అలవాటు ఉన్న చేలల్లో, మోటారు గదుల్లో ఈ తేడా ప్రాణాలకు సంబంధించినది. అక్కడ సిమెంటు బంధకంగా ఉన్న ఫలకమే సురక్షితం.

5. కలప వాడకం, అటవీ సంరక్షణ: విధానాల మార్పు

కలప వాడకాన్ని తగ్గిస్తే అడవి పెరుగుతుందన్న భావన ప్రభుత్వ విధానాల్లోనూ కనిపిస్తుంది. 1993లో కేంద్ర ప్రజాపనుల శాఖ తన నిర్మాణాల్లో కలపను నిషేధించింది. 1996 డిసెంబర్ 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు అడవుల్లో నరికివేతను కట్టడి చేసింది. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) చెట్ల కొట్టివేతకు అనుమతిని తప్పనిసరి చేసింది.

తర్వాత ఆలోచన మారింది. 2020లో కేంద్ర ప్రజాపనుల శాఖ కలపపై నిషేధాన్ని ఎత్తివేసింది. బాధ్యతతో పెంచిన చెట్టు కలప కట్టడంలో ఉన్నంతకాలం అందులోని కర్బనం గాలిలో కలవదన్న అవగాహన దీనికి బలమిచ్చింది. దేశంలో ఉత్పత్తి అయ్యే కలపలో అత్యధిక భాగం అడవుల వెలుపల, రైతుల గట్లమీద, తోటల్లో పెరిగిన చెట్లనుంచి వస్తోంది. కలపకు ధర ఉన్నప్పుడే రైతు గట్టుమీద టేకు పెంచుతాడు. కొనేవారు లేకపోతే చెట్టు ఉన్న చోటు మరో పంటకు పోతుంది.

దీనికి ఈ ప్రాంతంలోనే ఒక పాఠం ఉంది. పూర్వ వరంగల్ జిల్లాలో, నేటి ములుగు జిల్లాలో ఉన్న కమలాపురం రేయాన్ గుజ్జు కర్మాగారంలో 2014లో ఉత్పత్తి ఆగిపోయింది. ముడిసరుకుకు దగ్గరి కొనుగోలుదారు ఒక్కరే అయినప్పుడు ఆ ఒక్కరి నిలకడమీదే చెట్ల సాగు, దానిచుట్టూ ఉన్న ఉపాధి ఆధారపడతాయి. మిశ్రమ ఫలకాల పరిశ్రమను ఊహించేటప్పుడు ఈ అంశాన్ని విస్మరించరాదు.

6. స్థానిక ముడిసరుకులు

6.1 పత్తికట్టె: హెక్టారు పత్తి చేనునుంచి సుమారు 2 నుంచి 3 టన్నుల కట్టె వస్తుంది. కొంత వంటచెరకుగా పోగా మిగిలినదాన్ని చాలాచోట్ల చేనులోనే కాలుస్తారు. పత్తికట్టె నిర్మాణం కలపను పోలినది. దీనినుంచి పార్టికల్ బోర్డు చేసే సాంకేతికతను ముంబయిలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ (సిర్కాట్) రూపొందించింది. ఇటువంటి బోర్డులకు ఐఎస్ 3087 ప్రమాణం ఉంది. పత్తి ఏరడం ముగిశాక కట్టెను చేనులో నిలిపి ఉంచితే గులాబీరంగు పురుగు అందులోని కాయల్లో దాగి మరుసటి పంటకు చేరుతుంది. కట్టెను సకాలంలో చేనునుంచి తీసివేయమని శాస్త్రజ్ఞులు చెప్పేది అందుకే. కట్టెకు ధర వస్తే ఈ సలహా ఆచరణలోకి వస్తుంది. ఒక పరిమితి కూడా ఉంది. యూరియా రెసిన్‌తో చేసిన సాధారణ బోర్డు వానకు ఉబ్బిపోతుంది. దానిని లోపలి అరలకు, తలుపుల లోపలి పొరకు వాడవచ్చు. బయటి గోడకు ఫినాల్ రెసిన్ లేదా సిమెంటు బంధకం కావాలి.

6.2 వెదురు: 2017లో జరిగిన భారత అటవీ చట్ట సవరణతో అడవి వెలుపల పెరిగిన వెదురుకు చెట్టు అన్న నిర్వచనం తొలగింది. రైతు పెంచిన వెదురును కొట్టడం, తరలించడం సులభమైంది. బెంగళూరులోని భారత ప్లైవుడ్ పరిశ్రమల పరిశోధన, శిక్షణ సంస్థ వెదురు చాపలను ఫినాల్ రెసిన్‌లో తడిపి, పేర్చి, వేడితో అదిమే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఈ ఫలకానికి ఐఎస్ 13958 ప్రమాణం ఉంది. భవన సామగ్రి, సాంకేతికతల ప్రోత్సాహక మండలితో కలిసి ఇదే సంస్థ వెదురుతో ముడతల పైకప్పు రేకులనూ రూపొందించింది. ఇందులో చాప అల్లడం చేతిపని. ఫలకం కర్మాగారంలో తయారైనా, అల్లిక కూలి ఊళ్లో మిగులుతుంది.

6.3 బొగ్గు బూడిద: భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని కాకతీయ తాప విద్యుత్ కేంద్రం సామర్థ్యం 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లతో మొత్తం 1,100 మెగావాట్లు. భారతీయ బొగ్గులో బూడిద శాతం ఎక్కువ. 2021 డిసెంబర్ 31 నాటి కేంద్ర ప్రకటన తాప విద్యుత్ కేంద్రాల బూడిదను పూర్తిగా వినియోగించాలని, 300 కి.మీ. పరిధిలోని నిర్మాణాల్లో నిర్దిష్ట షరతులతో బూడిద ఉత్పత్తులు వాడాలని నిర్దేశించింది. మూడు జిల్లాలూ ఈ పరిధిలోనే ఉన్నాయి. ఇటుకలతోపాటు నార-సిమెంటు ఫలకాలకూ ఈ బూడిద పనికివస్తుంది.

7. మూడు జిల్లాలకు అన్వయం

పై అంశాలను అన్వయిస్తే మూడు జిల్లాలకు ఒకే సమాధానం సరిపోదని స్పష్టమవుతుంది.

జనగామలో అడవి కలప దూరం, తాటి దగ్గర. కానీ తాటి కల్లుగీత వృత్తికి ఆధారం. పారే చెట్టును వాసాలకోసం కొట్టడం ఒక జీవనాధారాన్ని తీసి మరొకదానికి పెట్టడమే. కనుక ఇక్కడ ముందుగా ఆలోచించవలసినది చట్రం గురించి. గీతకు పనికిరాని ముదురు చెట్లనుంచి తీసిన వాసాలను బోరాక్స్, బోరిక్ ఆమ్లాల ద్రావణంతో శుద్ధిచేసి, వాన తగలని చోట వాడితే వాటి ఆయుష్షు పెరుగుతుంది, కొత్త చెట్టును కొట్టవలసిన అవసరం వాయిదా పడుతుంది. ఎండ పడే గోడకు లేతరంగు ఫలకాన్ని, దాని వెనుక 20 నుంచి 25 మి.మీ. గాలి సందుతో బిగించడం మేలు. వేడెక్కిన గాలి ఆ సందుగుండా పైకి పోతుంది.

మహబూబాబాద్ జిల్లాలో పత్తికట్టె ముడిసరుకు, మిర్చి నిల్వకు కొట్టు అవసరం. నిల్వకొట్టు లోపలి అరలకు పత్తికట్టె బోర్డు, బయటి గోడకు సిమెంటు బంధక ఫలకం సరిపోతాయి. మిర్చికి చెమ్మ శత్రువు కనుక గాలి ఆడని ప్లాస్టిక్ గోడకంటే పైన, కింద గాలిదారులు వదిలిన గోడ మంచిది.

భూపాలపల్లిలో వెదురు, బూడిద రెండూ ఉన్నాయి. ప్రకృతి వనాల మండపాలకు, పర్యాటక విడిదులకు వెదురు చాప ఫలకం రూపానికీ వాతావరణానికీ నప్పుతుంది. మంట భయం ఉన్న మోటారు గదులకు బూడిద కలిసిన నార-సిమెంటు ఫలకం తగినది. అడవి అంచున కాపు కాసే మంచెకు ఏ మిశ్రమ ఫలకమూ అవసరం లేదు. ఏడాదికోసారి విప్పి వేసుకొనే ఆ కట్టడానికి కర్ర, తాడు, ఆకు చాలు.

8. మరమ్మతు, వృత్తి, అంతిమ దశ

కట్టడం విలువను దాని తొలి ఖర్చు ఒక్కటే నిర్ణయించదు. వాసం విరిగితే ఊరి వడ్రంగి బాడిసె, ఉలితో అదే రోజు సరిచేస్తాడు. తడక ఊడితే ఇంటివారే మెత్తుకొంటారు. మిశ్రమ పలక పగిలితే అదే కొలత, అదే రంగు, అదే గాడి గల పలకకోసం పట్టణానికి వెళ్లాలి. ఆ నమూనా మార్కెట్లో లేకపోతే గోడంతా మార్చవలసి వస్తుంది. వడ్రంగికి ఈ ఫలకాల సాగుడు, సందుల లెక్క, అంచుల మూత నేర్పితే ఈ ఆధారపడటం కొంత తగ్గుతుంది. లేకపోతే చేతివృత్తి పని పట్టణపు బిగింపు బృందాలకు పోతుంది.

అంతిమ దశ మరో ప్రశ్న. తడక కూలితే ఎరువు అవుతుంది. వాసం పొయ్యిలోకి పోతుంది. కలప-ప్లాస్టిక్ పలకలోని రెండింటినీ విడదీయడం కష్టం. దానిని తిరిగి పొడిచేసి అదే రకం పలకగా మార్చవచ్చు, కానీ అందుకు వెనక్కి తీసుకొనే వ్యవస్థ ఉండాలి. అది లేనిచోట పలక చేనుగట్టున పడి ఉంటుంది, లేదా చలిమంటలో కాలుతుంది. రెండవది ఆరోగ్యానికి ప్రమాదకరం.

9. ముగింపు

పాశ్చాత్య దేశాల తోట కట్టడంలో గోడ మొత్తం కలప పలకలతోనే ఉంటుంది. అక్కడ పలకను మారిస్తే కలప మిగులుతుంది. ఈ మూడు జిల్లాల కట్టడంలో పలక గోడే లేదు. ముందు ఆ గోడను తెచ్చి, తర్వాత దానికి ప్రత్యామ్నాయం చూపితే మిగిలేది కలప కాదు, పెరిగేది ప్లాస్టిక్. ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• ఈ ప్రాంతపు తోట కట్టడంలో కలప ఆదా కావలసినది గుంజలు, దూలాలు, వాసాల్లో. మిశ్రమ తొడుగు వాటిని భర్తీ చేయలేదు.

• కొత్తగా పలక గోడ కావలసిన మండపాలు, నిల్వకొట్లు, మోటారు గదులకు మిశ్రమ ఫలకం ఉపయోగకరం. బంధకం ఏమిటో తెలుసుకొన్న తర్వాతే దానిని ఎంచుకోవాలి.

• మంట ప్రమాదం ఉన్నచోట సిమెంటు బంధకం, అలంకరణకు వెదురు చాప ఫలకం, లోపలి పనికి పత్తికట్టె బోర్డు తగినవి.

• పత్తికట్టెకు విలువ కల్పిస్తే ఫలకంతోపాటు పురుగు నివారణ, చేలలో మంటల తగ్గుదల కూడా సమకూరుతాయి.

• గట్టుమీద రైతు పెంచిన టేకు, వెదురు వాడకం అడవికి హాని చేయదు. చెట్ల పెంపకానికి అది ప్రోత్సాహం.

పత్తికట్టెను మట్టితో మెత్తి గోడ నిలిపిన జ్ఞానం ఈ పల్లెల్లో ఇప్పటికే ఉంది. అదే కట్టెను మెరుగైన బంధకంతో వానకు నిలిచేలా చేయడం పరిశోధకులముందున్న పని. ఆ పనిలో వడ్రంగినీ, చాప అల్లేవారినీ, పత్తి రైతునూ భాగస్వాములను చేసినప్పుడు ప్రత్యామ్నాయం ఊరికి చెందుతుంది.